ఎదురు చెప్పే గొంతు మీ దగ్గర ఉందా?

మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరైనా చివరిసారి మీతో "అలా కాదు సార్" అన్నది ఎప్పుడు? వెంటనే గుర్తొస్తే మంచిదే. ఎంత ఆలోచించినా గుర్తు రాకపోతే దానికి రెండే కారణాలు ఉండాలి. మీరు ఎన్నడూ పొరపాటు చేయకపోయి ఉండాలి, లేదంటే మీ పొరపాటు మీకు చెప్పే ధైర్యం చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికీ లేకపోయి ఉండాలి. మొదటిది మనిషి పుట్టుక పుట్టిన ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి ఈ అధ్యాయమంతా రెండోదాని గురించే.

నిర్ణయాలన్నీ ఒక్కరే తీసుకుని, మిగతావాళ్లు చెప్పింది చేస్తే చాలనుకునే పద్ధతిని నిరంకుశ నాయకత్వం అంటారు. రైస్‌మిల్లు ఓనరు నుంచి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ దాకా, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు నుంచి హైటెక్ సిటీలో ప్రాజెక్ట్ మేనేజర్ దాకా ఇలా నడిపేవాళ్లు మనకు రోజూ కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. చాలామంది సొంత కష్టంతో పైకొచ్చినవాళ్లు. ఆ పని గురించి తమకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అనుభవం మీద నమ్మినవాళ్లు. మొదట్లో ఆ నమ్మకం నిజం కూడా. అందుకే దాన్ని వదులుకోవడం అంత కష్టం.

పెత్తనం కింద పనిచేసేవాళ్ల మనసు నొచ్చుకుంటుందని అందరికీ తెలుసు. అంతకన్నా పెద్ద నష్టం పెత్తనం చేసేవాడికే జరుగుతుంది. అతనికి చెడు కబురు అందడం ఆగిపోతుంది. గోడౌన్‌లో సరుకు పాడవుతోందని గుమాస్తాకు తెలుసు, చెప్పడు. ఈ తేదీకి సాఫ్ట్‌వేర్ పూర్తికాదని టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలుసు, మీటింగులో అందరూ తలూపుతారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు పని సాగిపోతుంది. నిర్ణయాలన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో, నిజం అందరికన్నా ఆఖరున తెలిసేది అతనికే.

గెలిపించిన గుణమే ముంచింది

ఈ మాటకు హెన్రీ ఫోర్డ్ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఫోర్డ్ 1908లో మోడల్ టీ కారును తెచ్చాడు. ఒకే మోడల్, మోజుల కోసం మార్పులు లేవు, ధర మాత్రం తగ్గుతూ పోవాలి: ఇదీ ఆయన పట్టుదల. కారంటే ధనవంతుల వస్తువు అనుకునే రోజుల్లో ఆ పట్టుదల చాలామందికి పిచ్చిగా కనిపించింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టించాడు. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు కొద్ది నెలల్లోనే గంటన్నరకు దిగింది. 1914 జనవరిలో కార్మికుడి రోజు సంపాదనను దాదాపు రెట్టింపు చేసి ఐదు డాలర్లు ప్రకటించాడు. ఆ డబ్బు పూర్తిగా అందాలంటే మాత్రం కార్మికుడు తాగుతున్నాడా, పొదుపు చేస్తున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటున్నాడా అని కంపెనీ మనుషులు ఇంటికే వచ్చి చూసేవారు. ఫ్యాక్టరీ లోపలే కాదు, బయట కూడా ఆయన మాటే చెల్లాలి.

1919లో మిగతా వాటాదారుల వాటాలన్నీ కొనేసి కంపెనీని పూర్తిగా కుటుంబం చేతిలోకి తెచ్చుకున్నాడు. అంతటితో ఆయన్ను నిలదీసి అడిగేవాళ్లు లేకుండా పోయారు. కొడుకు ఎడ్సెల్ ప్రెసిడెంట్ అయ్యాడు గానీ అది పేరుకే. కొడుకు తీసుకున్న నిర్ణయాలను తండ్రి నలుగురి ముందూ తిప్పికొట్టేవాడు.

1920ల మొదట్లో అమెరికాలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం ఫోర్డ్‌వే. అయితే కొనేవాళ్లు మారుతున్నారు. కార్లు వాయిదాల మీద దొరుకుతున్నాయి. ఎండా వానా తగలని మూసిన బాడీ కావాలంటున్నారు, రంగులు కావాలంటున్నారు. జనరల్ మోటార్స్‌లో ఆల్ఫ్రెడ్ స్లోన్ ఎవరి తాహతుకు తగ్గ కారు వారికి చూపిస్తూ, కొత్త కొత్త మోడళ్లు దించుతున్నాడు. కొనుగోలుదారు షెవ్రొలే షోరూమ్ వైపు నడుస్తున్నాడని ఫోర్డ్ డీలర్లకు కళ్లెదురుగా కనిపిస్తోంది. ఎడ్సెల్‌కూ తెలుసు. ఫోర్డ్ మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు. కంపెనీలో ఉత్పత్తి నిపుణుడిగా పేరున్న విలియం నుడ్సెన్ 1921లోనే బయటికొచ్చేశాడు. తర్వాత జనరల్ మోటార్స్‌లో చేరి ఆ షెవ్రొలేనే పైకి తెచ్చాడు.

1926 జనవరిలో ఎర్నెస్ట్ కాన్జ్లర్ అనే ఉన్నతాధికారి ధైర్యం చేశాడు. ఈయన ఎడ్సెల్‌కు తోడల్లుడు కూడా. మోడల్ టీ రోజులు దగ్గరపడ్డాయని, కొత్త కారు తీసుకురాకపోతే కష్టమని పెద్దాయనకు ఎంతో మర్యాదగా ఒక లేఖ రాశాడు. కొద్ది నెలల్లో ఆయన ఉద్యోగం పోయింది.

పోయింది ఒక్కడి ఉద్యోగమే. నేర్చుకున్నది కంపెనీ మొత్తం. ఇంటి మనిషికే ఈ గతి పడితే మనమెంత అని ఎవరికి వారు అనుకోకుండా ఉంటారా? మరుసటి ఏడాది, 1927 మేలో మోడల్ టీని ఆపక తప్పలేదు. దాని స్థానంలో పెట్టడానికి కొత్త కారు సిద్ధంగా లేదు. ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడ్డాయి, మోడల్ ఏ జనం ముందుకొచ్చేసరికి డిసెంబరైంది. ఈలోగా షెవ్రొలే మొదటి స్థానానికి వెళ్లింది. 1943లో ఎడ్సెల్ చనిపోతే, ఎనభైకి దగ్గరపడ్డ తండ్రి మళ్లీ ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చున్నాడు. 1945లో మనవడు హెన్రీ ఫోర్డ్ టూ పగ్గాలు చేపట్టేనాటికి కంపెనీ భారీ నష్టాల్లో ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన విషయం ఒకటుంది. 1908లో ఫోర్డ్ ఎవరి మాటా వినకపోవడం తప్పు కాదు. చౌకగా, గట్టిగా ఉండే కారు కోసం లక్షలమంది ఎదురుచూస్తున్నారని ఆయనకు తెలిసినంత బాగా మిగతావాళ్లకు తెలియదు. 1926 నాటికి తెలిసినవాళ్లు మారిపోయారు. కొనేవాడి మనసు ఇప్పుడు డీలరుకు తెలుసు, లెక్కలు చూసే కాన్జ్లర్‌కు తెలుసు. తెలివిడి కింది మెట్లకు చేరినా నిర్ణయం మాత్రం పై మెట్టు దిగలేదు. వ్యాపారం ఏదైనా సరే, ఈ రెండింటి మధ్య దూరం పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

గుంటూరులోనో వరంగల్‌లోనో బట్టల షాపును ముప్ఫై ఏళ్లు నడిపిన తండ్రి, చదువుకొచ్చిన కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, సరుకు ఎంపికలో మాత్రం నోరెత్తనివ్వకపోతే అక్కడా జరుగుతున్నది ఇదే.

గదిలో సార్ లేనప్పుడు

కుర్ట్ లెవిన్ 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదు మనస్తత్వవేత్త. హిట్లర్ పాలన నుంచి తప్పించుకొచ్చిన మనిషికి అధికారం మనుషుల్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్న ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. 1930ల చివర అయోవా విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి ఆయన పది, పదకొండేళ్ల మగపిల్లలతో క్లబ్బులు నడిపించాడు. మాస్కులు చేయడం లాంటి పనులు వాళ్లకు ఇచ్చారు. ఒక రకం నాయకుడు అన్నీ తానే చెప్పేవాడు, తర్వాత చేయబోయేదేమిటో ముందుగా తెలియనిచ్చేవాడు కాదు. రెండో రకం నాయకుడు పిల్లలతో చర్చించి నిర్ణయాలు తీసుకునేవాడు. మూడో రకం అంతా పిల్లలకే వదిలేసేవాడు.

పెత్తనం చేసే నాయకుడి కింద పని బాగానే జరిగింది, ఆయన గదిలో ఉన్నంతసేపు. బయటికెళ్లగానే చేతులు ఆగిపోయాయి. చర్చించి నడిపిన బృందాల్లో నాయకుడు లేకపోయినా పని సాగింది. పెత్తనం కింద ఉన్న పిల్లల్లో కొందరు మెత్తబడి నిస్తేజంగా మారారు. కొన్ని బృందాల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు, తమలోనే ఒకడిని ఎంచుకుని వేధించారు. మూడో రకం, అంటే అంతా వదిలేసినచోట పని అంతంతమాత్రమే. పెత్తనానికి విరుగుడు పట్టించుకోకపోవడం కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

మీకు మీరు చేసుకోగల పరీక్ష ఒకటి ఇందులోనే ఉంది. మీరు పెళ్లికో తిరుపతికో వెళ్లి నాలుగు రోజులు ఫోన్ ఆపేస్తే షాపులో, ఆఫీసులో ఏమవుతుంది? "నేను లేకపోతే ఒక్క పనీ జరగదు" అని గర్వంగా చెప్పుకునే యజమాని, నిజానికి తన సంస్థలోని అతి పెద్ద లోపాన్ని చెబుతున్నాడు.

ఆజ్ఞ ఇవ్వాల్సిన వేళ

ఇంత చెప్పాక, ఆజ్ఞాపించడమే తప్పని అనుకోవద్దు. తుపాను తీరం దాటబోతుంటే లంక గ్రామాలను ఖాళీ చేయించే అధికారి అందరి ఓట్లూ అడుగుతూ కూర్చోడు. మంటలు లేచినచోట ఫైర్ ఆఫీసరు, రక్తస్రావం ఆగని పేషెంటు ముందు సర్జన్ గట్టిగా చెప్పాలి, మిగతావాళ్లు వెంటనే చేయాలి. అయితే అలాంటి క్షణాల్లో కూడా నోళ్లు తెరిచే ఉండాలని విమానయానం చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకుంది.

1977 మార్చి 27న టెనరిఫే విమానాశ్రయం రన్‌వే మీద పొగమంచులో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్‌ఎం విమానానికి కెప్టెన్‌గా ఉన్నది ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్దవాడు. పక్కన కూర్చున్న కో-పైలట్‌కు ఆ విమానం నడిపే అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే. కంట్రోల్ టవర్ అనుమతి ఇంకా రాలేదని కో-పైలట్ ఒకసారి ఆపాడు. కొద్ది క్షణాల తర్వాత టేకాఫ్‌కు అనుమతి లేకుండానే కెప్టెన్ మళ్లీ బయల్దేరినప్పుడు కో-పైలట్ ఆపలేదు. ఎదుటి పాన్ యామ్ విమానం రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని ఫ్లైట్ ఇంజనీరు సందేహం అడిగాడు. ఖాళీ చేసిందని కెప్టెన్ గట్టిగా అనేసరికి మళ్లీ అడగలేదు. ఆ దుర్ఘటనకు పొగమంచు, రేడియోలో కలగలిసిన మాటలు లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ సందేహం కాక్‌పిట్‌లోనే ఉంది, పెద్దరికం ముందు నిలబడలేకపోయింది.

ఇలాంటి ప్రమాదాల తర్వాత విమాన సిబ్బంది శిక్షణ తీరే మారింది. కింది ఉద్యోగి ఎలా అడ్డుచెప్పాలో, కెప్టెన్ ఎలా వినాలో నేర్పడం మొదలుపెట్టారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 1981లో ఈ శిక్షణ ప్రారంభించింది. 1989 జులై 19న ఆ సంస్థ డీసీ-10 విమానంలో తోక ఇంజన్ పగిలి, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. అలా జరిగితే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అందరి సలహాలూ అడిగాడు. ప్రయాణికుల మధ్య కూర్చున్న డెన్నిస్ ఫిచ్ అనే శిక్షణ పైలట్‌ను కాక్‌పిట్‌లోకి రానిచ్చి, ఇంజన్ల వేగం మీటలు అతని చేతికిచ్చాడు. సూ సిటీలో విమానం పడినట్టే దిగింది. 112 మంది చనిపోయారు, ఎవరూ మిగలరనుకున్న విమానంలోంచి 184 మంది బతికి బయటపడ్డారు. ఆ శిక్షణే కాపాడిందని హేన్స్ ఆ తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పాడు.

హేన్స్ కెప్టెన్‌గిరీ వదులుకోలేదు. బాధ్యత ఆయనదే, చివరి మాట ఆయనదే. తనకు తెలియనిది పక్కవాడికి తెలిసి ఉండొచ్చని ఒప్పుకున్నాడు, అంతే.

ఆజ్ఞకు ముందు మూడు ప్రశ్నలు

ఏ నిర్ణయాన్నయినా ఒంటరిగా తీసుకునే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: నిజంగా సమయం లేదా? నిమిషాల్లో తేలాల్సిన పని అయితే ఆజ్ఞ ఇవ్వండి. రేపటి దాకా ఆగినా నష్టం లేనిదైతే తొందర మీలో ఉంది, పనిలో లేదు.

రెండు: ఈ విషయం అందరికన్నా నాకే ఎక్కువ తెలుసా? మెషీన్ చప్పుడు మారిందని ఆపరేటరుకు మీకన్నా ముందు తెలుస్తుంది. కస్టమర్ ఎందుకు తిరిగి రావడం లేదో కౌంటర్ మీద అమ్మాయికి తెలుస్తుంది.

మూడు: దీన్ని అమలు చేసేవాళ్లకు కారణం తెలియకపోయినా పని సరిగ్గా జరుగుతుందా? గేటు ఎనిమిదింటికి తెరవమంటే కారణం అక్కర్లేదు. పేషెంట్లతో ఎలా మాట్లాడాలో, పిల్లలకు ఎలా చెప్పాలో ఆజ్ఞతో రాదు.

మూడింటికీ అవునని జవాబొస్తే గట్టిగా, స్పష్టంగా, క్లుప్తంగా చెప్పండి. ఒక్కదానికి కాదన్నా ముందు అడగండి.

చెడు కబురు మీ దాకా రావాలంటే

ఇది ఏ పద్ధతి నిర్ణయమో ముందే చెప్పండి. రాబర్ట్ టాన్నెన్‌బామ్, వారెన్ ష్మిట్ 1958లో రాసిన వ్యాసంలో నాయకత్వాన్ని ఒక కొలబద్దలా చూపించారు. ఒక చివర నాయకుడే నిర్ణయించి చెప్పడం, రెండో చివర బృందానికి అప్పగించడం, మధ్యలో ఎన్నో మెట్లు. రోజువారీ పనికి మూడు మాటలు చాలు. "ఇది నేను నిర్ణయించేశాను." "మీ మాటలు విన్నాక నేను నిర్ణయిస్తాను." "ఇది మీరే తేల్చండి." ముందే నిర్ణయించేసుకుని అభిప్రాయాలు అడగడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు. ఒక్కసారి ఆ మోసం తెలిసిందంటే తర్వాత మీరు మనస్ఫూర్తిగా అడిగినా ఎవరూ నోరు విప్పరు.

మీటింగులో మీరు ఆఖరున మాట్లాడండి. మీ అభిప్రాయం మొదటే తెలిసిపోతే ఆ తర్వాత వినిపించేది దాని ప్రతిధ్వనే. అందరికన్నా చిన్న ఉద్యోగితో మొదలుపెట్టండి.

ప్రశ్న మార్చండి. "అంతా ఓకే కదా?" అంటే "ఓకే సార్" తప్ప వేరే జవాబు రాదు. "ఈ ప్లాన్ బెడిసికొడితే ఎక్కడ బెడిసికొడుతుంది?" అని అడగండి. అప్పుడు లోపం చెప్పడం ఎదురు చెప్పడం కాదు, మీరడిగిన దానికి జవాబు చెప్పడం అవుతుంది. మన దగ్గర వయసుకీ హోదాకీ ఇచ్చే గౌరవం ఎక్కువ. ఆ గౌరవం తగ్గించుకోకుండా నిజం చెప్పే దారి వేయాల్సింది పెద్దవాళ్లే.

చెడు కబురు తెచ్చినవాడి ముందు మొదటి నిమిషం నిగ్రహించుకోండి. "ఎవడు చేశాడు?" అన్నది మొదటి మాట కాకూడదు. "ఏం జరిగింది? ఇప్పుడేం చేద్దాం?" అని అడగండి. వెంటనే చెప్పినందుకు పేరు పెట్టి మెచ్చుకోండి, నలుగురూ వినేలా. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, అప్పటికప్పుడు సరిచేయలేకపోతే లైన్ ఆగుతుంది. తాడు కట్టడం ఎవరికైనా సులువే. లాగినవాడిని తిట్టకుండా ఉండటంలోనే అసలు కష్టం ఉంది.

మీ పైవాడే అలాంటివాడైతే

నలుగురిలో ఎదిరించకండి. నలుగురిలో ఓడిపోవడానికి ఏ నిరంకుశుడూ ఒప్పుకోడు. ఒంటరిగా దొరికినప్పుడు చెప్పండి. విమాన సిబ్బందికి నేర్పే పద్ధతిని ఇక్కడా వాడుకోవచ్చు. మనిషిని పిలవాలి, మన ఆందోళన చెప్పాలి, కళ్లతో చూసిన విషయం చెప్పాలి, మార్గం సూచించాలి, చివరికి వాళ్ల జవాబు అడగాలి.

స్లాబు వేసే రోజు సైటులో ఉన్న కుర్ర ఇంజనీరు అనుకోండి. "సార్, ఒక్క నిమిషం. స్లాబు విషయంలో నాకు భయంగా ఉంది. ఈశాన్యం మూల సెంట్రింగ్ కింద రెండు జాకీలు మట్టిలోకి కుంగాయి, ఇప్పుడే చూసొచ్చాను. కింద పలకలు వేసి బిగించేదాకా ఆ మూల కాంక్రీట్ ఆపుదాం, గంట పడుతుంది. ఆపమంటారా?" ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు, గౌరవం తగ్గలేదు, నిర్ణయం పెద్దాయన చేతిలోనే ఉంది. విషయం మాత్రం దాచలేదు. ప్రాణాలకు సంబంధించినదైతే మొదటిసారి వినకపోయినా రెండోసారి చెప్పండి. అప్పటికీ వినకపోతే పనివాళ్లను పక్కకు తప్పించండి, ఆయన పైన ఉన్నవారికి తెలియజేయండి. డబ్బు నష్టాన్ని మళ్లీ సంపాదించవచ్చు, మనిషిని తేలేం.

నిజం చెప్పిన ప్రతిసారీ అవమానమే ఎదురవుతుంటే, ఏళ్లు గడిచినా మార్పు కనిపించకపోతే, వేరేచోట పని వెతుక్కోవడం పారిపోవడం కాదు. నుడ్సెన్ చేసింది అదే.

ఈ వారం చేయవలసినవి

గత నెలలో మీరొక్కరే తీసుకున్న ఐదు నిర్ణయాలు కాగితం మీద రాయండి. ఒక్కోదానికీ పై మూడు ప్రశ్నలు వేయండి. ఎవరిని అడిగి ఉంటే మేలుగా ఉండేదో వాళ్ల పేరు పక్కన రాయండి.

ఆ పేర్లలో ఒకరిని పిలిచి టీ ఇప్పించి, "నేను చూడలేకపోతున్నది ఏమైనా ఉందా?" అని అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపూ సమర్థించుకోవద్దు, రాసుకోండి. మొదటిరోజు ఏమీ చెప్పకపోవచ్చు, మళ్లీ అడగండి.

చెప్పినవాటిలో చేయగలిగినది ఒకటి వారంలోపు చేసి, అది ఎవరి సలహానో అందరికీ తెలియజేయండి. చేయలేనిదైతే ఎందుకు చేయలేరో ఆ మనిషికే చెప్పండి.

మీకు పూర్తిగా తెలిసిన ఒక పనిని, చిన్నదైనా సరే, డబ్బు ఖర్చుపెట్టే అధికారంతో సహా ఒకరికి అప్పగించండి. నెలపాటు మధ్యలో తలదూర్చవద్దు.

ఇవన్నీ చేశాక కూడా చివరి మాట మీదే, బాధ్యత మీదే. ఈ అధ్యాయం మిమ్మల్ని ఆ కుర్చీ దిగమనడం లేదు. అందులో కూర్చున్నంతకాలం నిజం మీ దాకా వచ్చే దారిని మీ చేతులతో మీరే మూసుకోవద్దని చెబుతోంది.